వరద రాత్రి ఎంతమంది చూశారు: సర్వర్ లాగ్ చెప్పేది, చెప్పలేనిది

ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారు. కోనసీమ లంక గ్రామాల్లో ఈ మూడు అంకెలు నోటికి రాని ఇల్లు అరుదు. 2022 జులైలో మాదిరిగా ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిపోయే రోజుల్లో సామాన్లు అటకెక్కించాలా, పశువులను ఏటిగట్టు మీదికి తోలాలా అన్న నిర్ణయం ఆ మట్టం మీదే ఆధారపడి ఉంటుంది. ఆ సమాచారాన్ని ఫోన్లకు అందించే చిన్న వెబ్‌సైటు ఒకటి పాలకొల్లు నుంచో అమలాపురం నుంచో నడుస్తోందనుకుందాం. మామూలు రోజుల్లో అందులో రొయ్యల కౌంటు ధరలు, అంబాజీపేట కొబ్బరి ధరలు, సార్వాకు, దాళ్వాకు కాలువలు వదిలే తేదీలు, కట్టేసే తేదీలు ఉంటాయి. వరద తీశాక నిర్వాహకులు వేసుకునే మొదటి ప్రశ్న, ఆ రాత్రి పేజీని ఎంతమంది చూశారన్నది. హోస్టింగ్ ప్యానెల్ తెరిస్తే ‘హిట్లు’ అన్న పేరు కింద ఒక పెద్ద అంకె కనిపిస్తుంది. ఆ ప్రశ్నకు ఆ అంకె జవాబు కాదు. జవాబు, దొరికినంత మేరకు, ఆ అంకెను పుట్టించిన లాగ్ ఫైలులో ఉంటుంది.

కాటన్ బ్యారేజీ దగ్గర వచ్చిన నీటినంతా ఒకే అంకెగా చెప్పి ఊరుకోరు. సముద్రంలోకి వదిలింది ఎంత, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలకు ఇచ్చింది ఎంత అన్నది విడివిడిగా చెబుతారు, చేలకు పారేది కాలువలకు ఇచ్చిన నీరే కాబట్టి. వెబ్‌సైటు ట్రాఫిక్‌లోనూ విడదీయాల్సినవి ఇలాగే ఉన్నాయి. మనుషులు అడిగింది వేరు, యంత్రాలు అడిగింది వేరు, మనిషి ఒక పేజీ అడిగినందుకు బ్రౌజరు దాని వెంట తెచ్చుకున్నది వేరు. వీటిని విడదీయకుండా చెప్పిన మొత్తం ఎంత పెద్దదైనా దాన్నిబట్టి ఏ నిర్ణయమూ తీసుకోలేము.

లాగ్ ఫైలు అంటే సర్వర్ తన దగ్గరకు వచ్చిన ప్రతి రిక్వెస్టుకు ఒక వరుస చొప్పున రాసుకునే చిట్టా. అందులోని ఒక వరుసను తెలుగు లిపిలోకి మార్చి రాస్తే ఇలా ఉంటుంది:

203.0.113.45 - - [14/ఆగస్టు/2024:22:41:07 +0530] "గెట్ /వరద/ధవళేశ్వరం హెచ్‌టీటీపీ/1.1" 200 18342 "-" "మొజిల్లా/5.0 (లైనక్స్, ఆండ్రాయిడ్ 10, కె) …"

మొదటిది అడిగినవారి ఐపీ చిరునామా. ఇక్కడ చూపినది ఎవరిదీ కాదు, ఉదాహరణల్లో వాడుకోవడానికని ప్రత్యేకంగా కేటాయించిన వరుసలోది. తర్వాతి రెండు గీతలు వినియోగదారు గుర్తింపు కోసం ఉంచిన గళ్లు, లాగిన్ అవసరం లేని పేజీలకు అవి ఖాళీగానే ఉంటాయి. ఆపైన సమయం, కోరిన పేజీ, సర్వర్ ఇచ్చిన జవాబు సంకేతం (200 అంటే పేజీ పంపానని), పంపిన బైట్లు వరుసగా వస్తాయి. చివరి రెండింటిలో ఒకటి పాఠకుడు ఏ పేజీ నుంచి వచ్చాడో చెప్పే రెఫరర్, రెండోది బ్రౌజరు తన గురించి తాను చెప్పుకునే పరిచయం. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ సంస్థ తయారుచేసిన సర్వర్ నుంచి వచ్చిన ఈ పద్ధతిని అపాచీ అనే సర్వర్ అందిపుచ్చుకుంది, ఎన్‌జిన్ఎక్స్ కూడా దాదాపు ఇదే వరుసలో రాస్తుంది. అందుకే ముప్పై ఏళ్ల కిందటి లాగ్‌ను కూడా ఇవాళ్టి పరికరంతో చదవవచ్చు. ఈ వరుసలో మనిషి అనే గడి ఎక్కడా లేదు. ఎవరో ఏదో అడిగారన్నంత వరకే సర్వర్‌కు తెలుసు, అడిగినవారు ఎవరన్నది మిగతా గళ్లను బట్టి మనం ఊహించుకోవలసిందే. ట్రాఫిక్ విశ్లేషణలో జరిగే పొరపాట్లలో చాలావరకు ఈ ఊహను వాస్తవంగా రాసేయడం వల్ల పుట్టినవే.

హిట్ల సంగతి ముందుగా తేల్చవచ్చు. వరద పేజీని ఒక ఫోను ఒక్కసారి తెరిస్తే పేజీ ఒక వరుస, దాని అలంకరణ ఫైలు ఒక వరుస, నాలుగు బొమ్మలకు నాలుగు, స్క్రిప్టులకు రెండు, తెలుగు ఫాంటుకు ఒకటి చొప్పున తొమ్మిది హిట్లు పడతాయి. రేపు పేజీలో మరో ఆరు బొమ్మలు చేరిస్తే పాఠకుడు ఒక్కడు కూడా పెరగకుండానే హిట్లు పదిహేను అవుతాయి. కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందు బొమ్మలు, స్క్రిప్టులు, అలంకరణ ఫైళ్ల వరుసలను పక్కకు తీసి పేజీలనే లెక్కించాలి. ఒక మినహాయింపు మాత్రం చెప్పుకోదగినది. తెలుగు ఫాంటును సొంత సర్వర్ నుంచే ఇస్తూ, దాన్ని ఏడాది పాటు దాచుకోవచ్చని బ్రౌజరుకు చెప్పి ఉంటే, మొదటిసారి వచ్చిన ఫోను మాత్రమే ఆ ఫైలును అడుగుతుంది. రెండోసారి తన దగ్గరున్నదే వాడుకుంటుంది. అందువల్ల ఒక రోజు ఫాంటు ఫైలుకు పడిన వరుసలు ఆ రోజు కొత్తగా వచ్చిన ఫోన్లకు చాలా దగ్గరి అంచనా. చౌకగా దొరికే ఈ అంచనాను తెలుగు సైట్లు వదులుకోకూడదు.

చిరునామాను బట్టి మనుషులను లెక్కపెట్టడం ఒకప్పుడు కొంతవరకు పనికొచ్చింది. పాత పద్ధతి ఐపీ చిరునామాలు ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లు మాత్రమే, వాటి ఉమ్మడి నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అందుకని మొబైల్ కంపెనీలు వందల ఫోన్లను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచుతాయి, 2012లో దీనికోసం 100.64తో మొదలయ్యే ప్రత్యేక వరుసను కూడా కేటాయించారు. ఫలితంగా రాజోలులో ఒకరు, రావులపాలెంలో మరొకరు, వారికి సంబంధం లేని ఇంకెందరో లాగ్‌లో ఒక్కరిగా కనిపిస్తారు. దీనికి తలకిందులుగా, ఒకే మనిషి ఇంటి వైఫై నుంచి ఫోను డేటాకు, ఒక టవరు నుంచి మరో టవరుకు మారుతూ ఇద్దరు ముగ్గురిగా కనిపిస్తాడు. కొత్త తరహా ఐపీవీ6 చిరునామాల్లో మొదటి సగం కనెక్షన్‌ను సూచిస్తే, రెండో సగాన్ని ఫోను గోప్యత కోసం తరచూ మార్చుకుంటుంది. అందుచేత అక్కడ మొదటి 64 బిట్లను, అంటే ఆ మొదటి సగాన్ని మాత్రమే చూసి లెక్కించడం సమంజసం. ఊరి పేరు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. మొబైల్ కంపెనీ గేట్‌వే హైదరాబాదులోనో చెన్నైలోనో ఉంటే ఆత్రేయపురంలో ఉన్న పాఠకుడిని కూడా నివేదిక ఆ నగరం ఖాతాలోనే వేస్తుంది. ‘మా పాఠకుల్లో సగం మంది హైదరాబాదువారు’ అని ఏ డెల్టా సైటు నివేదిక చెప్పినా దాన్ని నమ్మి ప్రకటనలు అమ్ముకోవడం సరికాదు.

ఫోను మోడల్ వివరాలకూ ఇదే గతి పట్టింది. పై వరుసలో ‘ఆండ్రాయిడ్ 10, కె’ అని ఉన్నంత మాత్రాన అది పాత ఫోను అని అర్థం కాదు. క్రోమ్ బ్రౌజరు 2023 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటినీ, కొత్తవైనా పాతవైనా, అలాగే పరిచయం చేస్తోంది. పాఠకులను పరికరాల ద్వారా గుర్తుపట్టే దారులను మూయాలన్నది ఈ మార్పు ఉద్దేశం, అది మంచిదే. కానీ ఏ పరికరాల పట్టిక చూసినా అంతకుముందరి సంవత్సరాలతో పోల్చడానికి అది పనికిరాదని గుర్తుంచుకోవాలి.

ఇక యంత్రాలు. గూగుల్, బింగ్ వంటి సెర్చ్ సంస్థల క్రాలర్లు పేజీలను క్రమం తప్పకుండా చదువుతాయి. 2023 నుంచి జీపీటీబాట్ వంటి కృత్రిమ మేధ సంస్థల క్రాలర్లు కూడా వాటికి తోడయ్యాయి. ఇవి పేరు చెప్పుకుని వస్తాయి కాబట్టి పేరును బట్టి తీసేయవచ్చు. అయితే పేరు ఎవరైనా పెట్టుకోగలరు. గూగుల్‌బాట్ అని చెప్పుకున్న చిరునామాను తిరగేసి చూస్తే గూగుల్ సంస్థ డొమైన్ పేరు రావాలి, ఆ పేరును మళ్లీ వెతికితే అదే చిరునామా రావాలి. రెండువైపులా సరిపోతేనే అది అసలైనది. ఇవికాక తలుపులు తట్టి చూసే యంత్రాలున్నాయి. సైట్లు నడపడానికి వాడే వర్డ్‌ప్రెస్ అన్న సాఫ్ట్‌వేర్ మన సైటులో లేకపోయినా వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీని రోజూ అడుగుతూ ఉంటాయి. తాళం వేయని ఇల్లు కోసం వీధంతా తిరిగే పని అది. పేరు చెప్పని యంత్రాన్ని నడకను బట్టి పట్టుకోవాలి. పేజీ తీసుకుని దానిలోని బొమ్మలను, ఫాంటును అడగకపోవడం, తెల్లవారుజామున మూడింటికి కూడా పట్టపగలంత చురుగ్గా ఉండటం, సెకనుకు ఒకటి చొప్పున పాత పేజీలన్నింటినీ వరుసగా తిరగడం మనిషి లక్షణాలు కావు. చిన్న సైట్లలో వీటిని తీసేశాక మిగిలేది చూసి నిర్వాహకులు నిరాశపడటం సహజమే గానీ, మిగిలిందే చేలకు పారిన నీరు.

పాఠకుడు ఎక్కడి నుంచి వచ్చాడన్న గడి రానురాను ఖాళీ అవుతోంది. ఈ రెఫరర్ అన్న మాటను 1990లలో ప్రమాణ పత్రంలో ఒక అక్షరం తక్కువగా రాశారు, ఆ తప్పు రాత నేటికీ అలాగే కొనసాగుతోంది. సెర్చ్‌లో ఏ మాట వెతికి వచ్చారన్నది 2011 నుంచి గూగుల్ దాచడం మొదలుపెట్టింది. 2020 నుంచి క్రోమ్ ఇతర సైట్లకు పాఠకుడు వచ్చిన సైటు పేరు మాత్రమే చెబుతూ పేజీ వివరం ఇవ్వడం మానేసింది. డెల్టాలో వార్త తిరిగేది ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లో గనుక, అక్కడి నుంచి వచ్చినవారికి ఈ గడిలో మామూలుగా ఒక గీత మాత్రమే ఉంటుంది. అలాగని వాట్సాప్ ఏ జాడా వదలదనుకోకూడదు. ఎవరైనా లింకును సందేశం పెట్టెలో అతికించగానే, దాని కింద కనిపించే చిన్న బొమ్మ, శీర్షిక కోసం పంపేవారి ఫోనే సర్వర్‌ను అడుగుతుంది, ఆ వరుసలో బ్రౌజరు పరిచయం స్థానంలో వాట్సాప్ పేరు ఉంటుంది. అంటే ఆ పేరుతో వచ్చిన ప్రతి వరుస, ఎవరో ఒకరు ఆ పేజీని పంచుకోబోయారనడానికి గుర్తు. ఫార్వర్డ్ చేసినప్పుడు ఆ చిన్న బొమ్మ సందేశంతో పాటే వెళ్లిపోతుంది కాబట్టి తర్వాతి చేతులు లెక్కకు రావు. మొదటి చేయి దొరకడం కూడా చిన్న విషయం కాదు. వాట్సాప్ పేరున్న వరుస పడిన తర్వాత పది నిమిషాల్లో రెఫరర్ లేని ఫోను రిక్వెస్టులు ఒక్కసారిగా పెరిగితే, ఆ పేజీ ఏదో పెద్ద గ్రూపులో పడిందని ధైర్యంగా చెప్పవచ్చు.

పేజీల చిరునామాలను, అంటే లింకులను, తెలుగులో పెట్టుకున్న సైట్ల లాగ్ చదవడం మొదట్లో కళ్లకు కష్టంగా ఉంటుంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఒక్కొక్కటి మూడు బైట్లు, ఒక్కో బైటు లాగ్‌లో శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు. ‘వరి’ అన్న చిన్న మాట %ఈ0%బీ0%బీ5%ఈ0%బీ0%బీ0%ఈ0%బీ0%బీఎఫ్ అని, అంటే లాగ్‌లో 27 గుర్తులుగా పడుతుంది. ధవళేశ్వరం అన్న పేరు 81 గుర్తులవుతుంది. ఇందులో ఒక సౌలభ్యం కూడా ఉంది. తెలుగు అక్షరం ఏదైనా %ఈ0తో మొదలై, దాని తర్వాత %బీ0 గానీ %బీ1 గానీ వస్తుంది కాబట్టి, ఆ గుర్తుల కోసం వెతికితే తెలుగు చిరునామాలన్నీ ఒక్క దెబ్బలో బయటపడతాయి. ఇంత పొడవైన లింకులు సందేశాల్లో మధ్యకు తెగిపోవడం, తెగిన ముక్కతో పాఠకుడు వచ్చి ‘పేజీ లేదు’ అన్న జవాబు చూసి వెనుదిరగడం తరచూ జరుగుతుంది. కంటికి కనపడని మరో తేడా కూడా ఉంది. ‘కాటన్‌’లో చివరి పొల్లు తర్వాతి అక్షరంతో కలవకుండా ఆపే అదృశ్య గుర్తును కొన్ని కీబోర్డులు చేరుస్తాయి, కొన్ని చేర్చవు. తెర మీద రెండూ ఒకేలా ఉన్నా లాగ్‌లో ఒకదాని చివర %ఈ2%80%8సీ అదనంగా ఉంటుంది. సర్వర్‌కు అవి రెండు వేర్వేరు పేజీలు, అందులో ఒకటి లేనిది.

ఈ ‘లేదు’ అన్న జవాబులు, అంటే 404 సంకేతం ఉన్న వరుసలు, చిన్న సైటుకు లాగ్‌లోకెల్లా విలువైన భాగం. దొరికిన పేజీల పట్టిక మనం ఏం రాశామో చెబితే, దొరకని పేజీల పట్టిక జనం ఏం అడిగారో చెబుతుంది. ధవళేశ్వరం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో బ్రిటిష్‌కాలపు పద్ధతిలో ఒకలా, నేటి ఉచ్చారణను బట్టి మరోలా రాస్తారు. రెండో రాతతో వచ్చినవారిని మొదటి రాతతో ఉన్న పేజీకి మళ్లించే ఒక్క నియమం రాయడానికి రెండు నిమిషాలు చాలు. సైటులోని వెతుకు పెట్టెలో టైపు చేసిన మాటలు కూడా చిరునామా చివర లాగ్‌లో పడతాయి. దాళ్వా కాలంలో ‘కాలువ కట్టే తేదీ’ అని పదేపదే వెతికినా ఫలితం రాని వరుసలు కనిపిస్తే, రాయవలసిన పేజీ ఏదో ఎవరినీ అడగనక్కర లేదు. మిగతా సంకేతాల్లో 206 చూసి మోసపోకూడదు. ఒకే వీడియోను ఫోను ముక్కలు ముక్కలుగా తీసుకుంటే ఒక్క ప్రేక్షకుడికే పదుల వరుసలు పడతాయి. జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియో పెట్టిన రోజున ట్రాఫిక్ ఆకాశాన్నంటినట్టు కనిపించడానికి సగం కారణం అదే కావచ్చు. ఎన్‌జిన్ఎక్స్ సర్వర్లలో కనిపించే 499 అంటే, జవాబు వచ్చేలోపే అవతలివారు తెంచుకుపోయారని. వాన రాత్రి ఈ సంకేతం పెరిగితే సర్వర్ నెమ్మదించడమో, అవతల సిగ్నల్ సరిగా లేకపోవడమో జరిగి ఉంటుంది. ఒకే చోట కాక అన్ని కంపెనీల చిరునామాల నుంచీ పెరిగితే తప్పు మన సర్వర్‌ది కావడానికే అవకాశం ఎక్కువ.

సమయం గడిని ముందే సరిచూసుకోవాలి. సర్వర్ గడియారం అంతర్జాతీయ కాలమానంలో ఉంటే రోజు మారేది మనకు తెల్లవారుజామున 5:30కి. అప్పుడు వరద రాత్రి అర్ధరాత్రి దాటాక తెల్లవారుజాము వరకు వచ్చినవారంతా ముందు రోజు లెక్కలోనే పడతారు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లినవారు ఇంటి దగ్గరి ఏటిగట్టు సంగతి చూసుకునేది పని దిగాక గనుక, అర్ధరాత్రి దాటాక వచ్చే చదువరులను యంత్రాలుగా కొట్టిపారేయకూడదు. వరుసలే లేని సమయాన్ని కూడా చదవాలి. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను కొన్ని రోజుల పాటు నిలిపివేశారు. అలాంటి రోజుల్లో ఒక స్థానిక సైటు లాగ్ పలుచబడితే ఆసక్తి తగ్గిందని రాయడం తప్పుడు చదువు అవుతుంది. స్థానికులు లోపలికి రాలేక, బయటి ఊళ్లలోని బంధువులు మాత్రమే మిగిలిన రోజులవి.

ఇవన్నీ చూడాలంటే ముందు ఫైళ్లు మిగిలి ఉండాలి. చాలా హోస్టింగ్ ఖాతాల్లో పాత లాగ్‌లు కొన్ని వారాల్లో చెరిగిపోతాయి, భద్రతా అవసరాల కోసం లాగ్‌లను 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. విశ్లేషణ కోసం తీసుకునే ప్రతిలో మాత్రం ఐపీ చిరునామాల చివరి భాగాన్ని చెరిపేయడం మంచిది. ఎవరు ఏ అప్పు గురించి, ఏ జబ్బు గురించి వెతికారో కూడా ఆ ఫైలులోనే ఉంటుంది. పరికరాల గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. గోయాక్సెస్, ఏడబ్ల్యూస్టాట్స్ వంటివి ఉచితంగా దొరుకుతాయి, గ్రెప్, సార్ట్, యునీక్ అనే మూడు లైనక్స్ ఆదేశాలతోనే పైన చెప్పిన లెక్కల్లో చాలా భాగం పూర్తవుతుంది. సర్వర్ ముందు సీడీఎన్, అంటే పేజీల ప్రతులను తన దగ్గర దాచుకుని అందించే సేవ, ఉంటే మాత్రం దాని దగ్గరే తీరిపోయిన రిక్వెస్టులు ఈ ఫైలు వరకు రావని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. పైన చూపిన వరుసతో మొదలుపెట్టి, అదే చిరునామా, అదే పేజీ, సమయాలు మాత్రం ఇలా ఉన్నాయనుకుందాం: 22:41కి 200, 18342 బైట్లు. 22:46కి 304, బైట్ల గడిలో గీత. 22:52కి 304. 23:03కి 304. 23:20కి మళ్లీ 200, ఈసారి 18367 బైట్లు. 304 అంటే ‘మీ దగ్గరున్న ప్రతే తాజాది, కొత్తది ఏమీ లేదు’ అని సర్వర్ చెప్పిన జవాబు. పేజీని ప్రతిసారీ సర్వర్‌ను అడిగి చూపించమని అమర్చి ఉంటేనే ఈ వరుసలు పడతాయి, వరద పేజీని అలా అమర్చడం తప్పనిసరి. ఆ చిరునామా వెనుక ఒకరే ఉన్నారో పదిమంది ఉన్నారో చెప్పలేము. కానీ అంతకుముందే ప్రతి తీసుకున్న ఫోను తప్ప మరొకటి ఆ జవాబు పొందదు కాబట్టి, 304 పడిన ప్రతిసారీ ఎవరో రెండోసారి వచ్చి చూశారన్నది మాత్రం ఖాయం. హిట్ల లెక్కలో ఇవి ఐదు, అరగంట విరామం వస్తేనే కొత్త సందర్శనగా లెక్కించే మామూలు పద్ధతిలో అలాంటి విరామం ఎక్కడా లేదు గనుక సందర్శన ఒకటే. అదంతా ఒకే ఫోను అనుకుంటే, దానికి 23:03 దాటేవరకు 22:41 నాటి నీటిమట్టమే కనిపించింది. ఆ రాత్రి వరద పేజీకి పడిన 304 వరుసలన్నింటినీ పావుగంటకొక కుప్పగా పోసి, అధికారుల బులెటిన్లు వెలువడిన సమయాలను పక్కన రాసుకుంటే, కొత్త మట్టం వచ్చాక కూడా సైటు పాత అంకెనే చూపిన నిమిషాలు ఎన్నో, ఆ నిమిషాల్లో మళ్లీ మళ్లీ వచ్చి చూసిన ఫోన్లు ఎన్నో తేలుతుంది.